బిడ్డకూ బిడ్డకూ మధ్య ఎడం: హార్మోన్లు లేని గర్భనిరోధక పద్ధతిని ఎంచుకోవడం ఎలా?

మా చిన్నాన్న కూతురి అత్తవారిది కవిటి దగ్గర ఒక పల్లె. 2025 సంక్రాంతికి పన్నెండు రోజుల ముందు ఫోన్ చేసింది. "అక్కా, ఆయన పండక్కి వస్తున్నారు. బాబుకి ఇంకా పది నెలలే. ఇప్పుడే ఇంకొకరు వద్దనుకుంటున్నాం. రోజూ వేసుకునే మాత్ర నాకు పడలేదు, తల పగిలిపోయేది. ఒక్క బిడ్డే చాలనుకుంటే ఆపరేషన్ చేయించుకో, లేదంటే ఊరుకో అంటోంది అత్త. నేనేం చేయాలి?" ఆమెకు 23 ఏళ్ళు. భర్త చెన్నైలో భవన నిర్మాణ పనులకు వెళ్తాడు. ఏడాదికి రెండు మూడుసార్లు వచ్చి పది పదిహేను రోజులు ఉంటాడు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ ప్రశ్న ఎన్ని ఇళ్ళలో ఉందో నాకు తెలుసు. నేను డాక్టర్‌ను కాను. ఆసుపత్రి ఓపీ బయట బల్ల మీద ఆడవాళ్ళ పక్కన కూర్చుని, వాళ్ళు లోపల అడగలేకపోయిన మాటలు విని జవాబు చెప్పే పని కొన్నేళ్ళు చేశాను. 2019–21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో పెళ్ళయిన స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ట్యూబెక్టమీ, అంటే పిల్లలు పుట్టకుండా ఆడవాళ్ళకు చేసే ఆపరేషన్, చేయించుకున్నవారే. కాపర్-టీ, కండోమ్, మాత్రలు వాడేవాళ్ళు ఒక్కో పద్ధతికీ నూటికి ఒక్కరైనా లేరు. అంటే మన ఆడపిల్ల ఏ రక్షణా లేని రోజుల నుంచి నేరుగా ఆపరేషన్ బల్ల మీదికి వెళ్తోంది. ఆ మధ్య ఉన్న రెండేళ్ళో, అయిదేళ్ళో, పదేళ్ళో ఎలా గడపాలో ఆమెకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పడం లేదు. ఈ వ్యాసం ఆ మధ్యకాలం కోసం.

మొదటి అడుగు: ఏది హార్మోన్, ఏది కాదు

మాలా-ఎన్ వంటి రోజువారీ మాత్రలు, మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్, చర్మం కింద అమర్చే ఇంప్లాంట్, ఏదైనా పొరపాటు జరిగితే 72 గంటల్లోపు మింగే అత్యవసర మాత్ర, ఇవన్నీ హార్మోన్లతో పనిచేసేవే. కాపర్-టీ, కండోమ్, తల్లిపాల పద్ధతి, రోజులు లెక్కపెట్టుకోవడం, మగవాళ్ళకు చేసే వేసెక్టమీ ఆపరేషన్, ట్యూబెక్టమీలలో హార్మోన్ ఉండదు. వారానికోసారి వేసుకునే ఛాయ మాత్రను కూడా ఈ వరుసలోనే చెబుతారు. దానిలో స్టెరాయిడ్ హార్మోన్ లేదు. అయితే శరీరంలో ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ అతుక్కునే చోట్ల అది తన ప్రభావం చూపుతుంది. "హార్మోన్ కాని మాత్ర" అన్న మాట నిజమే గానీ, అసలు ఏ ప్రభావమూ లేని మాత్ర అనుకోవద్దు.

హార్మోన్ మాత్రలంటే విషమన్న భయం మాత్రం పెట్టుకోకండి. చాలామందికి అవి క్షేమమే. కొందరికి మాత్రం ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు తగవు. అధిక రక్తపోటు ఉన్నవారు, కళ్ళ ముందు మెరుపులు కనిపించి ఆపైన పార్శ్వపు నొప్పి వచ్చేవారు, కాళ్ళ నరాల్లో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవారు, ఆరు నెలల లోపు బిడ్డకు పాలిస్తున్న తల్లులు వాటికి దూరంగా ఉండాలి. 35 దాటి పొగతాగే స్త్రీలూ అంతే. ఇది మన దగ్గర పట్టించుకోవలసిన సంగతి. మన తీరపల్లెల్లో అడ్డపొగ తాగే ఆడవాళ్ళు, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చేవాళ్ళు, ఇప్పటికీ ఉన్నారు. డాక్టర్ అడిగితే సిగ్గుపడి దాచేస్తారు. దయచేసి దాచవద్దు.

రెండో అడుగు: ఆసుపత్రికి వెళ్ళే ముందు ఇంట్లో తేల్చుకోవలసినవి

"ఏది మంచిది?" అని అడిగితే ఎవరికి వారు తమకు పడిన పద్ధతి చెబుతారు. దానికంటే ముందు ఒక కాగితం తీసుకుని ఈ సంగతులు రాసుకోండి. మళ్ళీ బిడ్డ కావాలా, కావాలంటే ఎన్నేళ్ళకు? మీ ఆయన ఇంట్లో ఉండేది ఏ నెలల్లో? ఒళ్ళో బిడ్డ వయసెంత, పాలు తాగుతోందా? నెలసరి ఎన్ని రోజులకు వస్తుంది, ఎంత పోతుంది? ఈ విషయం ఇంట్లో ఎవరికి తెలిసినా ఫరవాలేదు, ఎవరికి తెలియకూడదు?

చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ చాలా పద్ధతులు ఓడిపోయేది అక్కడే. ట్రంకుపెట్టెలో మాత్రల పట్టీ అత్తకు కనిపించి గొడవైతే మర్నాటి నుంచి మాత్ర ఆగిపోతుంది.

రెండో ప్రశ్న మన జిల్లాలకు ప్రాణం వంటిది. చెన్నై, హైదరాబాద్ పనులకు వెళ్ళిన భర్త సంక్రాంతికి వస్తాడు. గుజరాత్ తీరానికి వేటకు వెళ్ళినవాడు నెలల తరబడి రాడు. పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవానికి చెప్పకుండానే దిగిపోయేవారూ ఉన్నారు. అతను వచ్చాక మొదలుపెట్టే పద్ధతులు తరచు ఆలస్యమవుతాయి. అందుకే ఏడాది పొడుగునా తన పని తాను చేసుకుపోయేదా, లేక ఆ సమయానికి చేతిలో ఉండాల్సిందా, మీ ఇంటికి ఏది కుదురుతుందో ముందే ఆలోచించుకోండి.

మూడో అడుగు: రక్తం, కిడ్నీ

అదే సర్వే మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో పదిమందికి దాదాపు ఆరుగురిలో రక్తహీనత ఉందని చెప్పింది. కాపర్-టీ వేశాక మొదటి కొన్ని నెలలు నెలసరి ఎక్కువగా పోతుంది కాబట్టి హిమోగ్లోబిన్ పరీక్ష ముందే చేయించుకోండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వేలి చుక్కతో అయిపోతుంది. తక్కువ ఉన్నంత మాత్రాన కాపర్-టీ వేయకూడదని లేదు. ఐరన్ మాత్రలు మొదలుపెట్టి, ఎంత తక్కువ ఉందో చూసి డాక్టర్ నిర్ణయిస్తారు. చోడి అంబలి తాగుతున్నాం కదా అని ఐరన్ మాత్ర మానవద్దు. మాత్ర వేసుకున్న వెంటనే టీ తాగినా ఇనుము ఒంటికి సరిగ్గా పట్టదు. పార్వతీపురం, సీతంపేట ఏజెన్సీ వైపు సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తవ్యాధి ఉన్న కుటుంబాలున్నాయి. ఆ చరిత్ర ఉంటే తప్పక చెప్పండి.

కిడ్నీ జబ్బు ఎక్కువగా కనిపించే ఉద్దానం మండలాల్లో, అంటే కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతంలో ఉన్నవారు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష కూడా చేయించుకోవడం మంచిది. కారణాలు రెండు. కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఛాయ మాత్ర తగదు. ఇక కాపర్-టీ వేశాక పొత్తికడుపు నొప్పికి మందుల షాపులో చేతికిచ్చే ఇబుప్రోఫెన్, మెఫెనమిక్ ఆమ్లం వంటివి జబ్బుపడిన కిడ్నీని మరింత దెబ్బతీస్తాయి. ఏ నొప్పిమాత్ర వాడాలో డాక్టర్‌నే అడగండి. కిడ్నీ జబ్బుతో ఉన్న స్త్రీకి గర్భమే పెద్ద ప్రమాదం కాబట్టి ఆమెకు గట్టి పద్ధతి మరింత అవసరం.

నాలుగో అడుగు: పద్ధతుల్ని దగ్గరగా చూడటం

కాపర్-టీతో మొదలుపెడతాను, ఎందుకంటే దీని గురించి విన్నన్ని అబద్ధాలు మరి దేని గురించీ వినలేదు. మన పెద్దవాళ్ళు దీన్ని ఇప్పటికీ లూప్ అనే అంటారు. ఆశా కార్యకర్త దగ్గర నమూనా ఉంటే అడిగి చేతిలోకి తీసుకోండి. పొడవు 36 మిల్లీమీటర్లు, వెడల్పు 32. అగ్గిపుల్ల కంటే పొట్టి. మెత్తని ప్లాస్టిక్ 'టీ' అక్షరం, దానికి చుట్టిన సన్నని రాగితీగ, చేతుల మీద చిన్న రాగి తొడుగులు, చివర రెండు దారాలు. దీని పూర్తి పేరు కాపర్-టీ 380ఎ. అందులోని 380 అంటే రాగి ఉపరితలం 380 చదరపు మిల్లీమీటర్లని అర్థం. ఆ రాగి నుంచి వెలువడే అయాన్లు వీర్యకణాలను దెబ్బతీసి అండాన్ని చేరనీయవు. అంటే గర్భం రాకుండా చేస్తుందే తప్ప వచ్చిన గర్భాన్ని నెలనెలా పోగొట్టదు.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో రెండు రకాలు ఉచితంగా వేస్తారు. 380ఎ పదేళ్ళు, 375 అయిదేళ్ళు పనిచేస్తాయి. ఏడాదిలో నూరుమంది వాడితే గర్భం వచ్చేది ఒక్కరికైనా ఉండదు. వేసిన రోజు నుంచే రక్షణ. తీసేశాక ఆ నెలలోనే గర్భం రావచ్చు. పదేళ్ళ దాకా పనిచేస్తుందంటే పదేళ్ళు ఉంచుకోవాలని కాదు. ఏడాదికే బిడ్డ కావాలనిపిస్తే ఏడాదికే తీయించుకోండి.

మా చెల్లెలు నమూనాను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఇది గుండెలోకి వెళ్ళిపోతుందట కదక్కా?" అంది. గర్భాశయం నుంచి గుండెకు దారి లేదు. వేసేటప్పుడు గర్భాశయపు గోడకు రంధ్రం పడటం వెయ్యిమందిలో ఒకరికి జరగవచ్చు, అది చేయి తిరిగినవాళ్ళ దగ్గర ఇంకా అరుదు. తనంతట తాను జారిపోవడం దానికంటే మామూలు. మొదటి ఏడాదిలో నూటికి ఇద్దరి నుంచి పదిమంది దాకా జరగవచ్చు. అందుకే నెలసరి అయ్యాక చేయి శుభ్రంగా కడుక్కుని దారం తగులుతోందో లేదో చూసుకోమంటారు. చూసుకోవడం ఇబ్బందనిపిస్తే ఊరి ఉపకేంద్రం నర్సు, అంటే ఏఎన్ఎం చేత చూపించుకోండి. భర్తకు దారం గుచ్చుకుంటోందంటే కొంచెం కత్తిరిస్తారు, తీసేయాల్సిన పని లేదు.

వేయడానికి పది నిమిషాలకు మించదు. గర్భం లేదని ఖాయంగా తెలిస్తే ఏ రోజైనా వేయవచ్చు. నెలసరి వచ్చిన మొదటి వారం, పది రోజుల్లో అయితే అనుమానం ఉండదు. కాన్పు అయినప్పుడైతే మాయ పడిన పది నిమిషాల్లోపు గానీ, 48 గంటల్లోపు గానీ వేస్తారు. అది దాటితే ఆరు వారాలు ఆగాలి. కాన్పప్పుడు వేసినది జారిపోయే అవకాశం కొంచెం ఎక్కువ. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆ అంగీకారం నొప్పులు మొదలవక ముందే, మీకు అర్థమయ్యేలా చెప్పి తీసుకోవాలి. పిల్లలు కలగడం లేదని రెండేళ్ళు తిరిగి, స్కానింగ్‌లో కాపర్-టీ కనబడితే బిత్తరపోయిన ఒకామెను నేను చూశాను. కాన్పప్పుడు వేశారని ఆమెకు ఎవరూ చెప్పలేదు. డిశ్చార్జి కాగితంలో ఏమి రాశారో చదివించుకుని ఇంటికి వెళ్ళండి.

గర్భం ఉన్నా, కారణం తెలియని రక్తస్రావం ఉన్నా, దుర్వాసనతో తెల్లబట్ట, జ్వరం, పొత్తికడుపు నొప్పి వంటి ఇన్ఫెక్షన్ లక్షణాలున్నా, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఉన్నా ఇది వేయరు. వేశాక మొదటి మూడు నుంచి ఆరు నెలలు నెలసరి ఎక్కువ రోజులు, ఎక్కువగా రావచ్చు. నొప్పి పెరగవచ్చు. చాలామందికి ఆ తర్వాత సర్దుకుంటుంది. సర్దుకోకపోతే తీయించుకోవడం మీ హక్కు. "ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టు" అని తిప్పి పంపితే మరో ఆసుపత్రికి వెళ్ళండి.

ఛాయ మాత్ర సంగతి వేరు. లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థ తయారుచేసిన సెంట్‌క్రోమన్ ఇది. బజారులో సహేలీ పేరుతో 1991 నుంచి ఉంది. 2016లో జాతీయ కార్యక్రమంలో చేర్చాక ఆశా కార్యకర్తల చేతికి ఛాయగా వచ్చింది. నెలసరి మొదటి రోజున మొదటి మాత్ర. అది ఆదివారమైతే రెండోది బుధవారం. అలా మూడు నెలలు వారానికి రెండు, నాలుగో నెల నుంచి వారానికి ఒకటే, మొదటి మాత్ర వేసుకున్న వారం నాడు. ఎక్కువమంది పొరపడేది ఈ మలుపు దగ్గరే. అందుకని మొదటి రోజునే గోడ కేలండర్‌లో మూడు నెలల ఆదివారాలకూ బుధవారాలకూ చుక్కలు పెట్టి, ఆ తర్వాత ఆదివారాలకే పెట్టండి. మాత్ర మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకుని, తర్వాతివి మామూలు రోజుల్లోనే వేసుకోండి. మళ్ళీ నెలసరి వచ్చేదాకా కండోమ్ కూడా వాడండి. ఏడు రోజులు దాటిపోతే కొత్తగా మొదలుపెట్టినట్టే, మళ్ళీ వారానికి రెండు.

పాలిచ్చే తల్లులు దీన్ని వాడవచ్చు. కొందరికి నెలసరి ఆలస్యమవుతుంది. 15 రోజులకు మించి ఆలస్యమైతే గర్భ పరీక్ష చేయించుకోండి. పీసీఓఎస్ (అండాశయాల్లో నీటితిత్తుల సమస్య) ఉన్నవారికి, ఈ మధ్య కామెర్లు వచ్చినవారికి, కాలేయం, కిడ్నీ జబ్బులున్నవారికి, క్షయ వంటి దీర్ఘవ్యాధి ఉన్నవారికి ఇది ఇవ్వరు. భర్త దూరంగా ఉన్న నెలల్లో మానేసి, పండగ ముందు వారం మళ్ళీ పట్టుకుంటే రక్షణ ఉండదు.

కండోమ్ గురించి మగవాళ్ళు కూడా చదవాలి. 1968లో మన ప్రభుత్వం నిరోధ్‌ను ఊరూరా చేర్చింది. ఇప్పటికీ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా దొరుకుతుంది. ఈ పద్ధతులన్నింటిలో హెచ్ఐవీ నుంచి, సుఖవ్యాధుల నుంచి కాపాడేది ఇదొక్కటే. నెలల తరబడి దూరంగా ఉండి వచ్చిన భర్త ఉన్న ఇంట్లో, కాపర్-టీ ఉన్నా సరే, ఆ సంగతి భార్యాభర్తలు మాట్లాడుకోవాలి. తప్పు లేకుండా ప్రతిసారీ వాడితే ఏడాదిలో నూటికి ఇద్దరికే గర్భం వస్తుంది. మామూలుగా జనం వాడే తీరులో 13 మందికి వస్తుంది. ఆ తేడా అంతా చిన్న చిన్న పొరపాట్లదే. గడువు తేదీ చూడకపోవడం, పర్సులోనో రేకుల ఇంట్లో వేడికో నెలల తరబడి ఉంచడం, కొస పట్టుకుని గాలి తీయకపోవడం, సగంలో తొడుక్కోవడం. అన్నింటికంటే పెద్ద తప్పు కొబ్బరినూనె రాయడం. నూనె తగిలితే రబ్బరు నిమిషాల్లో బలహీనపడి చిరిగిపోతుంది. కొబ్బరి తోటల సీమలో చేతికి ముందు దొరికేది అదే కాబట్టి మరీ మరీ చెబుతున్నాను.

తల్లిపాల పద్ధతి మూడు షరతులు కలిసి ఉన్నప్పుడే పనిచేస్తుంది. బిడ్డకు ఆరు నెలలు నిండి ఉండకూడదు. నెలసరి తిరిగి వచ్చి ఉండకూడదు. పగలూ రాత్రీ తల్లిపాలు తప్ప నీళ్ళు, డబ్బాపాలు, తేనె ఏవీ పట్టకూడదు. మూడూ ఉంటే నూటికి 98 మందికి రక్షణ. ఒక్కటి తప్పినా ఆ రోజు నుంచే వేరే పద్ధతి కావాలి. పుట్టింటి నుంచి అత్తవారింటికి వచ్చేది సరిగ్గా ఈ నెలల్లోనే కాబట్టి, బయల్దేరే ముందే రెండో పద్ధతి సిద్ధం చేసుకోండి.

రోజులు లెక్కపెట్టే పద్ధతి నెలసరి ఎప్పుడూ 26 నుంచి 32 రోజుల మధ్య వచ్చేవారికే. నెలసరి మొదటి రోజు ఒకటిగా లెక్కించి, 8వ రోజు నుంచి 19వ రోజు దాకా కలయిక మానాలి, లేదా కండోమ్ వాడాలి. భర్త వచ్చిన పది రోజులూ సరిగ్గా ఆ పన్నెండు రోజుల్లోనే పడితే ఈ పద్ధతి నిలవదు. ఇక "బయటికి తీసేస్తాం" అనేదాన్ని నేను పద్ధతిగా సిఫారసు చేయను. ఏడాదిలో నూటికి 20 మందికి గర్భం వస్తుంది.

పిల్లలు ఇక చాలు అని ఇద్దరూ తేల్చుకున్నవారికి శాశ్వత పద్ధతులున్నాయి. ట్యూబెక్టమీ గురించి ఈ జిల్లాల్లో తెలియనివారు లేరు. నేను అడిగేది భర్త గురించి. కోత, కుట్టు లేని వేసెక్టమీ పదిహేను నిమిషాల పని. చర్మం మొద్దుబారేందుకు ఇంజెక్షన్ ఇస్తారు, మత్తు ఇవ్వరు. ఆడవాళ్ళ ఆపరేషన్ కంటే చిన్నది, ప్రమాదం తక్కువ. మగతనపు హార్మోన్ వృషణాల నుంచి నేరుగా రక్తంలోకి వెళ్తుంది కాబట్టి గొట్టాలు మూసినా బలం గానీ కోరిక గానీ తగ్గవు. రెండు రోజులు విశ్రాంతి, వారం పాటు బరువులు ఎత్తకూడదు. మూడు నెలలు కండోమ్ తప్పదు. ఆ తర్వాత వీర్య పరీక్షలో కణాలు లేవని తేలాకే నిశ్చింత. వల లాగే మనిషికి వారం మానడం కష్టమంటారు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంది కదా. ఏప్రిల్‌లో చేయించుకుంటే ఆ వారం ఇంటిపట్టునే గడిచిపోతుంది. ఈ ఆపరేషన్లకు భర్త అనుమతి గానీ భార్య అనుమతి గానీ తప్పనిసరి అన్న నిబంధన లేదు. ఎవరి శరీరానికి వారి సంతకం చాలు.

అయిదో అడుగు: ఆసుపత్రిలో

ఊళ్ళో ఉపకేంద్రం ఏఎన్ఎం దగ్గర ఛాయ, నిరోధ్ దొరుకుతాయి. కాపర్-టీకి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, ఏరియా ఆసుపత్రి, విజయనగరంలో ఘోషాసుపత్రి, శ్రీకాకుళంలో జనరల్ ఆసుపత్రి ఉన్నాయి. వెళ్ళే ముందు ఆ రోజు వేసే నర్సు గానీ డాక్టర్ గానీ ఉంటారో లేదో ఆశా కార్యకర్త చేత కనుక్కోండి. ఉద్దానం పల్లె నుంచి ఒక రోజు కూలి వదులుకుని వెళ్ళి తిరిగి రావడం మాటలు కాదు.

ఇంట్లో రాసుకున్న కాగితం తీసుకెళ్ళండి. ఇవి అడగండి: "నాకు వేసేది 380నా, 375నా? ఎప్పుడు చూపించుకోవాలి? నొప్పికి ఏ మాత్ర? ఏ లక్షణం వస్తే వెంటనే రావాలి?" ఆ చివరి ప్రశ్నకు జవాబు నేనూ చెబుతాను. నెలసరి తప్పడం, భరించలేని పొత్తికడుపు నొప్పి, జ్వరంతో దుర్వాసన, గంటకో గుడ్డ తడిసేంత రక్తం, దారం కనబడకపోవడం లేదా పొడుగవడం. వీటిలో ఏది కనిపించినా అదే రోజు వెళ్ళండి.

ఏదైనా తప్పిపోతే

కండోమ్ చిరిగింది, లేదా ఆ రోజు ఏదీ వాడలేదు అనుకోండి. అయిదు రోజుల్లోపు కాపర్-టీ వేయించుకుంటే ఆ గర్భమూ ఆగుతుంది, తర్వాతి ఏళ్ళకూ రక్షణ ఉంటుంది. హార్మోన్ లేని అత్యవసర పద్ధతి ఇదే. అది కుదరకపోతే 72 గంటల్లో వేసుకునే ఒక్క మాత్రను హార్మోన్ అన్న భయంతో వదులుకోవద్దు. అయినా గర్భం నిలిచి, వద్దనుకుంటే, 2021లో సవరించిన చట్టం ప్రకారం గర్భనిరోధకం విఫలమైందన్న కారణంతో 20 వారాల దాకా డాక్టర్ వద్ద గర్భస్రావం చేయించుకోవచ్చు. పెళ్ళి అయినా కాకపోయినా ఇది వర్తిస్తుంది. మందుల షాపులో మాత్రలు కొని ఇంట్లో ఒంటరిగా మింగవద్దు.

మా చెల్లెలి హిమోగ్లోబిన్ 9.6 వచ్చింది, క్రియాటినిన్ బాగానే ఉంది. ఐరన్ మాత్రలు రాసి, భోగికి నాలుగు రోజుల ముందు 375 వేశారు. మొదటి రెండు నెలసరులూ ఎక్కువగా పోయి భయపడి ఫోన్ చేసింది, వెళ్ళి చూపించుకుంది. నాలుగో నెలకు సర్దుకుంది. ఆసుపత్రిలో ఇచ్చిన చిన్న కార్డును రేషన్ కార్డు ఉన్న ప్లాస్టిక్ కవరులోనే పెట్టింది. వెనక వైపు తన చేత్తో రాసుకుంది: "తీయించుకోవాలి, 2030 సంక్రాంతి లోపల."